అడిగితేనే ఉప్పు పడాలి

పరభాషలు నేర్పేవారి, నేర్చుకునేవారి సందేహాలకు సమాధానాలిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. ఇతరులతో కలిసి వంట చేస్తూ కొత్త భాష నేర్చుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. మూడు ఉత్తరాలు జర్మన్ నేర్పడం గురించి, నేర్చుకోవడం గురించి వచ్చాయి. నాలుగోది జర్మనీలో ఉన్న ఒక తెలుగు తల్లి రాసింది. ఆమె తన అల్లుడికి తెలుగు నేర్పాలనుకుంటున్నారు. మిగిలిన సందేహాలను వచ్చే సంచికకు ఉంచి, ఈ నాలుగింటికీ కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: విజయవాడలో జర్మనీకి వెళ్ళబోయే నర్సులకు జర్మన్ నేర్పుతున్నాను. తరగతిలో 18 మంది ఉన్నారు, అందరూ ఏ2 స్థాయి (భాష నేర్చుకోవడంలో రెండో మెట్టు) పూర్తి చేశారు. వంట చేయిస్తూ నేర్పితే భాష త్వరగా పట్టుబడుతుందని విని, పోయిన నెల ఒక శనివారం ప్రయత్నించాను. గదిలో ఉన్నది ఒక్క ఇండక్షన్ పొయ్యి. రెండున్నర గంటలు గడిచాయి, వంట అయింది, కానీ అందరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు. పాఠం జరగలేదని యాజమాన్యం వారు అభ్యంతరం చెప్పారు. వసతి లేకపోవడం వల్ల ఇలా జరిగిందా, లేక నా పద్ధతిలోనే లోపం ఉందా?
— ఒక ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: లోపం పొయ్యిది కాదు. చాలా ఏళ్ళ కిందట హైదరాబాదులో నేను కూడా ఇదే పొరపాటు చేశాను. పన్నెండు మందికి ఒకే వంటకాన్ని జర్మన్‌లో అచ్చు వేయించి తలా ఒక కాగితం ఇచ్చి, కూరగాయలు బల్ల మీద పెట్టి, జర్మన్‌లోనే మాట్లాడాలని గట్టిగా చెప్పాను. గంటన్నరలో వంట పూర్తయింది. అంతసేపట్లో "బిట్టె" (దయచేసి), "డాంకె" (ధన్యవాదాలు) అన్న రెండు మాటలు తప్ప జర్మన్ వినిపించలేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే కారణం తెలిసింది. ఎవరికీ ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం లేదు. ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో అందరి చేతిలోని కాగితమే చెబుతోంది. అవసరం లేని చోట మాట పుట్టదు, పుట్టినా అది సొంత భాషలోనే పుడుతుంది.

ఈ విషయాన్ని మనకు దగ్గరలోనే, మన పక్క రాష్ట్రాల బడుల్లోనే పరీక్షించి చూశారు. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల పాఠశాలల్లో భాషా బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో ఇంగ్లీషు బోధనలో ఒక ప్రయోగం జరిగింది. వ్యాకరణ పాఠాల వరుసను పక్కన పెట్టి, పిల్లలకు ఏదో ఒక పని ఇచ్చి, ఆ పని చక్కబెట్టడం మీద వారి మనసు నిలిచినప్పుడు భాష దానంతట అది అబ్బుతుందన్న నమ్మకంతో దాన్ని నడిపారు. అలాంటి పనులను ప్రభు మూడు రకాలుగా విడదీశారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం మొదటిది. ఉన్న వివరాల నుంచి తెలియనిదాన్ని ఊహించి తేల్చుకోవడం రెండోది. ఎవరి అభిప్రాయం, ఎవరి రుచి వారు చెప్పుకోవడం మూడోది. వంటగదిలో ఈ మూడూ ఉన్నాయి. ఉపాధ్యాయుడు చేయవలసిందల్లా వాటిని కావాలని ఏర్పాటు చేయడమే.

మీ 18 మందిని ముగ్గురేసి చొప్పున ఆరు జట్లు చేయండి. వంటకంగా బంగాళాదుంపల సలాడ్ తీసుకోండి. జర్మన్లు దీన్ని కార్టోఫెల్‌జాలాట్ అంటారు, అక్కడ ఇది లేని విందు అరుదు. జట్టుకు అరకిలో చొప్పున మూడు కిలోల దుంపలను ఇంటి దగ్గరే పొట్టుతో ఉడికించి తీసుకువెళితే, గదిలో పొయ్యితో పని కూరగాయల చారు (కూరగాయలు ఉడికించి వడకట్టిన నీరు, మన రసం కాదు) వేడి చేయడం వరకే ఉంటుంది. జట్టుకు ఒక చిన్న ఉల్లిపాయ, 125 మిల్లీలీటర్ల వేడి చారు, రెండు పెద్ద చెంచాల వెనిగర్, రెండు పెద్ద చెంచాల నూనె, అర చిన్న చెంచా ఆవపిండి ముద్ద, ఉప్పు, మిరియాల పొడి కావాలి. పైన చల్లడానికి జర్మన్లు వాడే సన్నని ఆకు దొరకకపోతే మన ఉల్లికాడలు సరిపోతాయి.

ఇక అసలు సంగతి. ఆ ముగ్గురిలో ఒకరికి చేయవలసిన పనుల వరుస ఉన్న కాగితం ఇవ్వండి, అందులో కొలతలు ఉండకూడదు. రెండోవారికి కొలతలు మాత్రమే ఉన్న కాగితం ఇవ్వండి, అందులో పనులు ఉండకూడదు. మూడోవారి దగ్గర కత్తి, గిన్నె, చెంచాలు ఉంటాయి, కాగితం మాత్రం ఉండదు. ఒకరి కాగితం ఇంకొకరికి చూపకూడదన్నది ఒక్కటే నియమం. అప్పుడు గిన్నె, కత్తి పట్టుకున్నవారు "ఇప్పుడేం చేయాలి?" అని మొదటివారిని, "వెనిగర్ ఎంత?" అని రెండోవారిని జర్మన్‌లో అడిగి తీరాలి. "వీ ఫీల్ ఎసిహ్?" అని అడగనిదే వెనిగర్ పడదు, "త్స్వై ఎస్‌ల్యోఫెల్" (రెండు పెద్ద చెంచాలు) అని జవాబు రానిదే చేయి కదలదు. అడిగితేనే ఉప్పు కూడా పడాలి. ప్రతి దశ పూర్తయ్యాక ముగ్గురూ స్థానాలు మార్చుకుంటే, గంటలో ప్రతి ఒక్కరూ అడుగుతారు, చెబుతారు, చేస్తారు.

తెలుగును పూర్తిగా నిషేధించవద్దు. కత్తి జారుతున్నా, వేడి గిన్నె ఒరుగుతున్నా వెంటనే హెచ్చరించడానికి అమ్మభాషే కావాలి. ఆ ఒక్క సందర్భం తప్ప మిగిలినదంతా జర్మన్‌లో సాగాలని ముందే చెప్పండి.

చెంచా, ఫోర్కు, కత్తి అన్న మూడు వస్తువులను బల్ల మీద పక్కపక్కనే పెట్టండి. జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం: డేర్ ల్యోఫెల్, డీ గాబెల్, డాస్ మెసర్. వస్తువుకూ లింగానికీ సంబంధం లేదన్న నిజం ఈ మూడింటిని చూసినప్పుడు తెలిసినంత తేటగా ఏ పట్టిక చూసినా తెలియదు. ఇప్పుడు ఒకరు ఇంకొకరిని ఆ వస్తువు అందించమని అడగాలి. "గిబ్ మియర్ డీ గాబెల్" అన్నప్పుడు "డీ" అలాగే ఉంటుంది, "డాస్ మెసర్" అన్నప్పుడు "డాస్" అలాగే ఉంటుంది, చెంచా అడిగినప్పుడు మాత్రం "డేర్" కాస్తా "డెన్" అయి "గిబ్ మియర్ డెన్ ల్యోఫెల్" అవుతుంది. ద్వితీయా విభక్తిలో పుంలింగం ఒక్కటే మారుతుందన్న సూత్రాన్ని పలక మీద రాసి చెప్పిన రోజున తలూపినవారే, చెంచా పదిసార్లు అడిగి అందుకున్న తర్వాత దాన్ని మరిచిపోలేదు. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను.

మన పిల్లలకు ఉన్న ఒక సౌకర్యాన్ని మీరు వాడుకోవాలి. జర్మన్‌లో రాసిన వంట విధానాల్లో క్రియ వాక్యం చివర వస్తుంది. "కార్టోఫెల్న్ షేలెన్" అంటే వరుస తప్పకుండా "దుంపలు చెక్కు తీయడం" అనే. "ఇహ్ ముస్ డీ కార్టోఫెల్న్ షేలెన్" అన్నప్పుడు కూడా అసలు పని తెలిపే మాట మన "తీయాలి" లాగే చివరే ఉంటుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు ప్రతి జర్మన్ వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులోకి తెచ్చుకుని, క్రియను మధ్యలోకి లాగి తప్పు చేస్తారు. ఇలాంటి చోట తెలుగు నుంచి నేరుగా జర్మన్‌కు వెళ్ళమని వారికి చెప్పండి.

కాగితం మీద ఉన్నదాన్ని పక్కవారికి ఆజ్ఞగా మార్చి చెప్పేటప్పుడు మాత్రం కొత్త చిక్కు వస్తుంది, ఆ చిక్కే మంచి పాఠం. నీళ్ళు వంపేయడాన్ని కాగితం మీద "ఆప్‌గీసెన్" అని ఒకే మాటగా రాస్తారు. నోటితో చెప్పేటప్పుడు అది రెండు ముక్కలై, "గీస్ డాస్ వాసర్ ఆప్" అని, ముందున్న "ఆప్" వాక్యం చివరికి వెళుతుంది. కలియబెట్టడం, రుచి చూసి సరిచేయడం కూడా ఇలాగే విడిపోయే క్రియలే. మొదటి కాగితం పట్టుకున్నవారు ప్రతి దశలోనూ ఈ మార్పును తామే చేసి చెప్పాలి కాబట్టి, మీరు విడిగా అభ్యాసం ఇవ్వనవసరం లేదు.

వారు తప్పు మాట్లాడినప్పుడు అక్కడికక్కడే ఆపి దిద్దవద్దు. చేతిలో కత్తి ఉన్న మనిషి మాటకు అడ్డుపడితే మాటా పోతుంది, పనీ పోతుంది. "గిబ్ మియర్ డేర్ ల్యోఫెల్" అని ఎవరైనా అంటే, మీరు పక్కనే నిలబడి "డెన్ ల్యోఫెల్? ఇదిగో" అన్న ధోరణిలో సరైన రూపాన్ని వినిపించి ముందుకు సాగండి. మిగిలినవాటిని చిన్న పుస్తకంలో రాసుకుని, తిన్న తర్వాత పావుగంట కూర్చోబెట్టి చర్చించండి.

చివరి దశను దయచేసి వదిలేయవద్దు. రుచి చూసి ఉప్పు, పులుపు సరిచేయడాన్ని జర్మన్లు "ఆప్‌ష్మెకెన్" అన్న ఒక్క క్రియతో చెబుతారు. ఆరు జట్ల గిన్నెలూ ఒక వరుసలో పెట్టి, ఒకరిది ఇంకొకరు రుచి చూసి "ఇంకా ఉప్పు తక్కువైంది", "మరీ పుల్లగా ఉంది" అని చెప్పుకోవాలి. ప్రభు చెప్పిన మూడో రకం పని ఇదే. ఇక్కడ ఏ కాగితమూ సాయపడదు, నాలుక మీద తోచింది నోటితో చెప్పవలసిందే. నోరు విప్పడానికి జంకే అమ్మాయి కూడా పక్క జట్టు సలాడ్ పుల్లగా ఉందని చెప్పడానికి వెనుకాడదు.

ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పాల్ సీడ్‌హౌస్, ఆయన సహచరులు కలిసి ఫ్రెంచి నేర్పే ఒక డిజిటల్ వంటగదిని తయారు చేశారు. అందులో పాత్రలకు, దినుసుల డబ్బాలకు సెన్సర్లు అమర్చారు. నేర్చుకునేవారు ఏ దశలో ఉన్నారో ఆ వంటగదే కనిపెట్టి తర్వాతి సూచనను ఫ్రెంచిలో పలుకుతుంది, అర్థం కాకపోతే మళ్ళీ చెబుతుంది. తర్వాత దాన్ని మరికొన్ని ఐరోపా భాషలకు విస్తరించారు. అంత సరంజామా మనకు అక్కర్లేదు. ఆ వంటగది చేసే పనిని మీ తరగతిలో కాగితం పట్టుకున్న తోటి విద్యార్థి చేస్తాడు, పైగా అతను కూడా నేర్చుకుంటాడు. యాజమాన్యం వారిని ఈసారి గదిలోకి ఆహ్వానించి, ఒక మూల కూర్చుని పదిహేను నిమిషాలు వినమనండి.

ప్రశ్న: నేను ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, ఒక శిక్షణ కేంద్రంలో జర్మన్ నేర్చుకుంటున్నాను. అక్కడ నెలకోసారి వంట పాఠం పెడతారు. మూడుసార్లూ నాకు ఉల్లిపాయలు తరిగే పనే వచ్చింది, బాగా మాట్లాడేవారే మాట్లాడారు. పోయినసారి మాంసం ముద్దలు చేశారు. నేను మాంసం ముట్టను. ఒక పక్కన నిలబడిపోయాను. ఈ వంటల వల్ల నాకేం లాభం? నేను వెళ్ళేది ఆసుపత్రిలో పని చేయడానికి కదా!
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ బాధ న్యాయమైనది. మూడుసార్లూ ఒకే మనిషికి ఒకే పని ఇవ్వడం నేర్పేవారి పొరపాటు, అందులో మీ తప్పు ఏమీ లేదు. పై జవాబులో చెప్పినట్లు స్థానాలు మార్చే నియమం పెట్టమని మీ ఉపాధ్యాయులను మర్యాదగా అడగండి. ఈసారి కొలతల కాగితం మీకు ఇమ్మని ముందే కోరండి. ఆ స్థానంలో ఉన్నవారికి అంకెలు, కొలతల మాటలు తెలిస్తే చాలు, కానీ వారు నోరు తెరవనిదే ఎవరికీ పని సాగదు. మాట్లాడటానికి జంకేవారికి అంతకంటే మంచి చోటు లేదు.

మాంసం తినని మీ నియమాన్ని ఎవరి కోసమూ సడలించుకోవద్దు, దాన్ని చెప్పడం మాత్రం నేర్చుకోండి. "ఇహ్ ఎస్సె కైన్ ఫ్లైష్" అంటే నేను మాంసం తినను అని. వట్టి "కాదు" అన్న అర్థమిచ్చే "నిహ్ట్"కూ, నామవాచకాన్ని కాదనే "కైన్"కూ ఉన్న తేడా మీకు ఈ ఒక్క వాక్యంతో జీవితాంతం గుర్తుంటుంది, ఎందుకంటే అది మీ సొంత వాక్యం. ఇంకొక వాక్యం కూడా మీకు తప్పనిసరి: "ఇస్ట్ డా ష్పెక్ డ్రిన్?" ఇందులో పంది కొవ్వు ఉందా అని దానర్థం. చూడటానికి శుద్ధ శాకాహారంలా ఉండే బంగాళాదుంపల సలాడ్‌లో కూడా అక్కడ చాలామంది సన్నగా తరిగిన ష్పెక్ వేస్తారు. చారు కూడా మాంసంతో కాచినదై ఉండవచ్చు. ఈ ప్రశ్న అడగడం వచ్చినవారు అక్కడ ఏ బల్ల దగ్గరైనా నిశ్చింతగా కూర్చోగలరు. ఉపాధ్యాయులకు కూడా ఒక మాట: అందరూ తినగలిగే వంటకాన్ని ఎంచుకోవడం తరగతి నడిపేవారి బాధ్యత. ముట్టుకోలేనివారు పక్కన నిలబడిపోతే వారికి ఆ రోజు పాఠం లేనట్టే.

ఇక ఆసుపత్రి సంగతి. మన దగ్గర రోగికి స్నానం, భోజనం వంటివి చాలావరకు వెంట ఉన్న బంధువులు చూసుకుంటారు. జర్మనీలో అవి నర్సింగ్ పనిలో భాగం. కాబట్టి మీ రోజు మొదలయ్యేది భోజనం పళ్ళెంతోనే కావచ్చు. తనంతట తాను తినలేని పెద్దాయనకు తినిపించడాన్ని అక్కడి నర్సులు "ఎసెన్ ఆన్‌రైహెన్" అంటారు, అంటే ఆహారం అందించడం. నిఘంటువు చూసి "ఫ్యుటెర్న్" అనకండి. ఆ మాట పసిపిల్లలకు పాలు పట్టడానికి, పశువులకు మేత వేయడానికి వాడేది, పెద్దల విషయంలో అది అవమానంగా ధ్వనిస్తుంది. మింగడం కష్టమైనవారికి ఆహారాన్ని మెత్తగా చేసి పెడితే "ప్యూరియెర్ట్" అంటారు, పానీయాన్ని చిక్కబరిస్తే "ఆన్‌గెడిక్ట్" అంటారు. మన పథ్యం వంటిదానికి "షోన్‌కోస్ట్" అని పేరు. వంట పాఠంలో మీరు దుంపలు మెత్తగా చిదిమినా, చారు చిక్కబడిందో లేదో చూసినా ఈ మాటలను అక్కడే అడిగి తెలుసుకోండి. చెంచా నోటి దగ్గరికి తీసుకువెళుతూ "ఇంకొంచెం తీసుకుంటారా? వేడిగా ఉందా?" అని మన్నన రూపంలో అడగడం తరగతిలో ఇద్దరు ఇద్దరుగా అభ్యాసం చేయదగిన పని. ఉల్లిపాయలు తరిగిన మూడు నెలలూ వృథా అయ్యాయని అనుకోకండి. "త్స్వీబెల్న్ ఫైన్ హాకెన్" అన్న ముక్క మీకు ఇప్పుడు పుస్తకం చూడకుండానే వస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: బంగాళాదుంపను మా పుస్తకంలో "కార్టోఫెల్" అన్నారు, ఒక వంట వీడియోలో "ఎర్ట్‌ఎప్ఫెల్" అన్నారు. ఏది సరైనది? ఈ వంటల మాటలు బీ1 (ఏ2 తర్వాతి స్థాయి) పరీక్షకు ఏమైనా పనికొస్తాయా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ సరైనవే. మీ వరంగల్‌లో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ, కోస్తాలో బంగాళాదుంప అయినట్లే, జర్మనీలో కార్టోఫెల్ ఆస్ట్రియాలో ఎర్ట్‌ఎప్ఫెల్ అయింది. మాటకు మాటగా చూస్తే దానర్థం "నేల ఆపిల్ పండ్లు". ఆస్ట్రియావారు తమ వంటింటి మాటలను ఎంత విలువగా చూసుకుంటారంటే, 1995లో ఐరోపా సమాఖ్యలో చేరేటప్పుడు 23 ఆహార పదాలకు ప్రత్యేక రక్షణ కోరి ఒప్పందంలో చేర్పించుకున్నారు. ఎర్ట్‌ఎప్ఫెల్, టమాటాకు వారు వాడే పారడైజర్ ఆ జాబితాలో ఉన్నాయి. మీరు జర్మనీకి వెళుతున్నట్లయితే కార్టోఫెల్ నేర్చుకుని, రెండోది వింటే గుర్తుపట్టగలిగితే చాలు. అక్కడి అంగడిలో సంచి మీద "ఫెస్ట్‌కోహెండ్" అని ఉంటే ఉడికినా ముక్క విడిపోని దుంపలని, "మేలిగ్‌కోహెండ్" అని ఉంటే పిండిగా మెత్తబడేవని తెలుసుకోండి. సలాడ్‌కు మొదటివి కావాలి.

పరీక్షకు కూడా పనికొస్తాయి. జర్మన్ భాషా పరీక్షలు జరిపే గోథె సంస్థ బీ1 పరీక్షలో మౌఖికం మొదటి భాగమే ఇద్దరూ కలిసి ఒక పనికి ప్రణాళిక వేసుకోవడం. ఎవరు ఏం తేవాలి, ఎప్పుడు కలవాలి, ఇది వద్దు అది చేద్దాం అని ప్రతిపాదించడం, ఒప్పుకోవడం, కాదనడం అందులో ఉంటాయి. ముగ్గురు కలిసి వంటకు సిద్ధమయ్యేటప్పుడు మాట్లాడుకునేవి సరిగ్గా ఆ మాటలే. కాబట్టి సరుకుల జాబితా రాసుకునే పనిని కూడా జర్మన్‌లోనే చేయండి.

ప్రశ్న: మాది కాకినాడ. నేను ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను, ఇంకా ఆరు వారాలు ఉంటాను. మా అల్లుడుగారు జర్మన్. తెలుగు నేర్చుకోవాలని ఆయనకు చాలా ఇష్టం. వంట కూడా ఇష్టమే. వంటింట్లో నాతో నిలబడతారు కానీ, నేను ఏదైనా చెప్పగానే మా అమ్మాయి దాన్ని జర్మన్‌లోకి మార్చి చెబుతుంది. ఆయనకు నా మాట వినవలసిన పని లేకుండా పోతోంది. నాకు జర్మన్ రాదు, నేను ఉపాధ్యాయురాలిని కూడా కాను. నేను నేర్పగలనా?
— ఒక అమ్మమ్మ, కాకినాడ

జవాబు: అమ్మా, తప్పకుండా నేర్పగలరు. మీకు జర్మన్ రాకపోవడమే ఈ పనికి మీ బలం. ముందు మీ అమ్మాయిని, ఎంత ప్రేమగా అయినా సరే, ఆ గంటసేపు వంటింట్లోంచి బయటికి పంపండి. మార్చి చెప్పే మనిషి ఉన్నంతకాలం ఆయన చెవి తెలుగు వైపు తిరగదు.

మొదటి వారం ఆయన చేత మాట్లాడించవద్దు. మీరు చెబుతుంటే ఆయన చేయాలి, అంతే. "ఉప్పు వేయండి", "నీళ్ళు పోయండి", "మూత పెట్టండి" అని ఒక్కొక్కటీ చెబుతూ మొదటిసారి మీరే చేసి చూపండి, రెండోసారి ఆయన చేస్తారు. 1960లలో కాలిఫోర్నియాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. పసిపిల్లలు మాట్లాడే ముందు చాలాకాలం పెద్దల ఆజ్ఞలు విని, వాటికి తగ్గట్టు కదులుతారు కాబట్టి, పెద్దలకు కూడా అదే వరుసలో భాష నేర్పవచ్చన్నది ఆయన ఆలోచన. మన ఇళ్ళల్లో ఏ పుస్తకమూ చదవకుండానే అందరూ ఇలాగే నేర్పారు.

మొదటి వంటకంగా నిమ్మకాయ పులిహోర చేయండి. అందులో పనులు చిన్నవి, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క క్రియ ఉంది. అన్నం వార్చాలి, ఆరబెట్టాలి, నిమ్మకాయ కోయాలి, పిండాలి, పోపు వేయాలి, చివరికి కలపాలి. ఆవాలు చిటపటలాడటం ఆయన చెవితో వింటారు. ఆ శబ్దం వచ్చినప్పుడు మీరు "చిటపటలాడుతున్నాయి" అంటే ఇక అర్థం చెప్పనక్కర్లేదు.

ఇక్కడ తెలుగులో ఉన్న ఒక అందం గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే మనం పుట్టి పెరిగిన భాష కాబట్టి ఇది మన కంటికి ఆనదు. మనం ఇడ్లీ పెడతాం, గారెలు వేస్తాం, అట్టు పోస్తాం, పూరీ ఒత్తుతాం, రొట్టె కాలుస్తాం, పచ్చడి నూరుతాం, పప్పు రుబ్బుతాం, కారం దంచుతాం. అన్నిటికీ "చేయడం" అంటే తప్పు కాదు, కానీ తెలుగు వంటింట్లో పుట్టిన మనిషి అలా అనడు. మీ అల్లుడుగారికి "ఇడ్లీ పెట్టాలి" అన్న జంటను జంటగానే ఇవ్వండి, "పెట్టు" అన్న క్రియను విడిగా నేర్పకండి. ఉప్పు వేయడం, నీళ్ళు పోయడం అన్న తేడా కూడా అలాగే చేతితో చేస్తుంటేనే తెలుస్తుంది.

రెండో వారం నుంచి ఆయన అడగాలి, మీరు అడగనిదే చెప్పకూడదు. పోపుడబ్బా మీ దగ్గర ఉంచుకోండి. "ఆవాలు ఇవ్వండి", "ఎంత?", "ఇంకా వేయనా?", "చాలా?" అన్న నాలుగు మాటలతో ఒక వంట గడిచిపోతుంది. ఈ "చాలా" దగ్గర ఆయన తడబడతారు. "చాలా బాగుంది"లోని చాలా వేరు, గరిటె ఎత్తి పట్టుకుని "చాలా?" అని అడిగేది వేరు. దానికి జవాబు "చాలు" లేదా "చాలదు". ఒకసారి ఆయన గరిటె ఎత్తినప్పుడు మీరు "చాలదు" అని ఇంకొంచెం వేయించండి, ఇంకోసారి "చాలు" అని చేయి అడ్డు పెట్టండి, ఆ మాట అక్కడితో స్థిరపడుతుంది.

మర్యాద రూపాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మీరు అల్లుడుగారిని "వేయండి" అంటారు, అమ్మాయిని "వెయ్యి" అంటారు. ఆయన చెవిలో ఎక్కువగా పడేది మొదటిదే కాబట్టి, ఇంట్లో చిన్నపిల్లలను కూడా "రండి, తినండి" అనే ప్రమాదం ఉంది. అదృష్టవశాత్తు జర్మన్‌లో కూడా "జీ", "డూ" అని మన మీరు, నువ్వులకు దగ్గరగా రెండు రూపాలు ఉన్నాయి. రెండో వారంలో ఒక రోజు మీ అమ్మాయిని మళ్ళీ వంటింట్లోకి పిలిచి, ఆమెకు "కరివేపాకు దుయ్యి" అని, ఆయనకు "మిరపకాయలు తుంచండి" అని పక్కపక్కనే చెప్పండి. ఎవరితో ఎలా మాట్లాడాలో ఆయనే పట్టుకుంటారు. మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక ఆయన ఇబ్బంది పడుతుంటే, అత్తయ్యగారూ అని పిలవడం మొదటి రోజే నేర్పండి.

ఆయన చేత ప్రతి వంటనూ ఒక పుస్తకంలో రాయించండి. తెలుగు లిపి రాకపోతే తన లిపిలోనే, తనకు వినబడినట్టే రాసుకోనివ్వండి, అక్షరాలు తర్వాత వస్తాయి. స్టుట్‌గార్ట్ ఉన్నది ష్వాబియా ప్రాంతంలో. అక్కడివారు బంగాళాదుంపల సలాడ్‌లో గుడ్డుతో చేసే మయోనీజ్ వేయరు, వేడి చారు, వెనిగర్, నూనె పోసి నానబెడతారు. ఒక ఆదివారం ఆయన చేత ఆ సలాడ్ చేయించి, ఈసారి మీరు శిష్యురాలు కండి. చారు కూరగాయలతో కాయించమని చెప్పి, ఆయన ఆజ్ఞలు జర్మన్‌లో విని మీరు చేయండి. అక్కడ మీరు ఎక్కడ తడబడతారో చూస్తే, మీ పులిహోర పాఠంలో ఆయన ఎక్కడ ఆగిపోతున్నారో మీకు తెలిసివస్తుంది. ఆరో వారంలో ఒక రోజు మీరు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆయన పులిహోర కలుపుతూ, చేస్తున్న ప్రతి పనినీ తెలుగులో చెప్పాలి. ఆయన అడిగితే తప్ప మీరు మాట అందించవద్దు.